సంఘం ముందు అమ్మ చేసిన మేనేజర్‌ని

కంపెనీ నన్ను మేనేజర్‌ని చేయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తుండగానే మా అమ్మ చేసేసింది. అదీ సంఘమంతటి ముందు, మైకులో.

మా చర్చి సంఘం ఆదివారాలు కూడుకునేది అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తు హాల్లో. వారమంతా అక్కడ పిల్లలకు జావా చెబుతారు, ఆదివారం పొద్దున మాకు వాక్యం చెబుతారు. పాస్టర్ గారి వెనక బోర్డు మీద శనివారం క్లాసు తాలూకు బాణాలూ డబ్బాలూ సగం చెరిపి ఉంటాయి. వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే పిల్లలు కాబట్టి మా ప్రార్థన మనవులన్నీ ఉద్యోగాల చుట్టూనే తిరుగుతాయి. కోర్సు అయినవాళ్లు ఇంటర్వ్యూ కోసం, ఇంటర్వ్యూ అయినవాళ్లు ఆఫర్ లెటర్ కోసం, ఉద్యోగం దొరికినవాళ్లు ప్రాజెక్టు కోసం, ప్రాజెక్టు దొరికినవాళ్లు దాన్నుంచి విడుదల కోసం ప్రార్థించమంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో మా పాస్టర్ గారికి తెలిసినంతగా మా హెచ్‌ఆర్ వాళ్లకు కూడా తెలియదు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వారు లేచి నలుగురికీ చెప్పుకునే సమయం అది. అమ్మ మామూలుగా మోకాళ్ల నొప్పి తగ్గిందనో, అపార్ట్‌మెంట్ లిఫ్టు బాగైందనో చెప్పి కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం చెంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, "మా అమ్మాయిని దేవుడు మేనేజర్‌ని చేశాడు. పద్నాలుగు మంది దాని కింద పనిచేస్తారు" అంది. హాలంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది. హాస్టల్ పిల్లలు వెనక్కి తిరిగి మరీ నన్ను చూశారు. నాకు ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పట్టాయి.

జరిగిందేమిటంటే, మూడు రోజుల ముందు భోజనాల దగ్గర నేను అన్నది ఒకే ఒక్క మాట. "పద్నాలుగు మందికి మేనేజర్‌గా చేస్తావా అని అడుగుతున్నారమ్మా." వాళ్లు అడగడానికీ నేను ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని అమ్మ ఒక చపాతీ తినేలోపు దాటేసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత క్రైస్తవుల ఇళ్లలో చెల్లదేమో అనుకునేదాన్ని, నిక్షేపంలా చెల్లుతుంది.

మెట్లు దిగుతూ, "నేనింకా ఒప్పుకోలేదు కదమ్మా" అన్నాను.

"దేవుడు ఒప్పుకున్నాడుగా" అంది అమ్మ, రెయిలింగ్ పట్టుకుని జాగ్రత్తగా ఒక్కో మెట్టే దిగుతూ.

అసలు సంగతి ఏమిటంటే, నాకు ఆ ఉద్యోగం వద్దు. నలభై దాటిన నేను చదువు అయిన దగ్గర్నుంచీ కోడే రాస్తున్నాను. మాది ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్. ఎక్కడో ఏ ఊళ్లోనో ఒక యంత్రం కారణం లేకుండా ఆగిపోతోందంటే, ఆ కారణం దొరికేదాకా నాకు అన్నం సహించదు. దొరికిన రోజు నన్ను పట్టలేరు. మా ఆయన అయితే నా మొహం చూసే చెప్పేస్తాడు, "దొరికిందా? సరే, కాఫీ నేను పెడతాలే" అని. అదంతా వదిలేసి పద్నాలుగు మంది సెలవులు, అలకలు, జీతాల పెంపు చూసుకోమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. నాకు కోపం కూడా ఎక్కువే. నా చేతికి పద్నాలుగు మందిని ఇవ్వడం వాళ్లకూ మంచిది కాదు.

కాగితం మీద చూస్తే వద్దనడంలో నష్టమేమీ లేదు. మా కంపెనీలో రెండు నిచ్చెనలున్నాయని ఏటా ఒక మీటింగ్ పెట్టి చెబుతారు. ఒకటి మేనేజర్లది, ఒకటి ఇంజనీర్లది. రెండూ ఒకే ఎత్తు, ఒకే జీతం, ఒకే గౌరవం. కిందటేడు ఆ మాట చెప్పడానికి వచ్చిన హెచ్‌ఆర్ ఆవిడ తన పరిచయంలో మొదట చెప్పుకున్నది మాత్రం తన కింద ఎంతమంది ఉన్నారో.

ఈ ఊళ్లో ఉద్యోగం సంగతి వస్తే జీతం తర్వాత అడిగే ప్రశ్న అదే. మీ కింద ఎంతమంది? పంజాగుట్టలో మా పక్క ఫ్లాట్ ఆయన అడిగాడు. మా అత్తగారి చెల్లెలు అడిగింది. పంటి డాక్టరు నా నోట్లో పరికరం పెట్టి మరీ అడిగాడు. చిరాకేసి చాలా ఏళ్లుగా ఒకటే జవాబు చెబుతున్నాను: "నా కింద కుర్చీ ఉందండీ."

వేరే దేశాల్లో ఎలా ఉంటుందో నాకు ఫోన్ మీటింగుల పుణ్యమా అని కొంత తెలుసు. మా అమెరికా ఆఫీసులో నాలాంటివాళ్లకు మంచి హోదా ఉంది, కాకపోతే మనుషుల్ని తీసేసే కాలం వస్తే ఆ హోదా అడ్డుపడదు. జపాన్ ఆఫీసు ఇంజనీరు ఒకాయన, వయసు మీదపడేసరికి తనను అడక్కుండానే మేనేజర్ని చేసి కూర్చోబెట్టారని చెప్పి ఎంత నిట్టూర్చాడంటే, నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను. ఇక మా కంపెనీ పుట్టిన జర్మనీ సంగతి అక్కడి మనిషే వచ్చి చెప్పాడు.

ఆయన సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, తల ముగ్గుబుట్ట. మా యంత్రాల గుండెకాయ లాంటి భాగాన్ని రాసింది ఆయనే. పంజాగుట్టలోనే హోటల్లో దిగాడు కాబట్టి పొద్దున్నే నాతోపాటు మెట్రోలో వచ్చేవాడు. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు జనం తోసుకుంటూ వచ్చి ఆయన్ని ఎత్తుకెళ్లినంత పని చేసేవాళ్లు. ఆయన నవ్వుకుంటూ, వీపున బ్యాగు ముందుకు వేసుకుని, వాళ్లతో పాటే కొట్టుకుపోయేవాడు.

మొదటి రోజు మధ్యాహ్నం టీమంతా కలిసి భోజనానికి వెళ్లాం. మా టీములో నాకంటే పదేళ్లు చిన్నవాడు, యూసుఫ్‌గూడ అబ్బాయి ఒకడున్నాడు. వాడికి మొహమాటం లేదు. "సార్, మీ కింద ఎంతమంది?" అని ఇంగ్లీషులో అడిగేశాడు.

"ఎవరూ లేరు" అన్నాడు ఆయన సంతోషంగా.

ఎవరో మెల్లిగా గులాబ్ జామూన్ గిన్నె ఆయన వైపు జరిపారు.

సాయంత్రం టీ దగ్గర ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. "పాపం అక్కా. గీ ఏజ్‌ల సుత కోడ్ రాస్తుండు. మస్తు పనోడు అంటరు, మరి పైకి ఎందుకు పోలే? ఏమన్న లొల్లి చేసిండేమో, ప్రమోషన్ ఆపిండ్రు."

"లొల్లీ లేదు, ఏమీ లేదు. ఆయనకు ఇదే ఇష్టమంట."

"అట్లనే అంటరక్కా. లోపల బాధ ఉంటది. నువ్వు జర ఫికర్ చెయ్యొద్దని చెప్పు."

ఆ మర్నాటి నుంచి మావాళ్లు ఆయన పట్ల చూపించిన దయ ఇంతా అంతా కాదు. ఆయన లేస్తే లేచారు. బ్యాగు మోస్తామన్నారు. ఏం చెప్పినా తలలూపారు. వారం తిరిగేసరికి ఆయన అయోమయంగా నా దగ్గరికి వచ్చి, "నిన్న నేను గీసిన డిజైన్‌లో ఒక తప్పుంది, హోటల్‌కెళ్లాక నాకే తెలిసింది. మీవాళ్లలో ఒక్కరూ చెప్పలేదేం?" అని అడిగాడు. అసలే దెబ్బతిన్న మనిషి, ఇంకా ఏం నొప్పిస్తాంలే అని ఊరుకున్నారని ఎలా చెప్పను? "మర్యాద" అన్నాను. "ఇలాంటి మర్యాదతో ఫ్యాక్టరీలో చెయ్యి తెగుతుంది" అన్నాడు ఆయన. ఆ మాట నిజమే కాబట్టి మా టీముకు గట్టిగా నాలుగు తగిలించాను. అయినా జాలి మాత్రం పోలేదు.

గురువారం సాయంత్రం ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది, ఆ రోజు మా ఇంట్లో కుటుంబ కూడిక. అంటే సంఘంలోని ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి, పాటలు పాడి, ప్రార్థన చేసి, ఫలహారం తిని వెళ్తారు. ఆయన మాత్రం హాయిగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పాటలకు తాళం కూడా వేశాడు, కాకపోతే వేరే పాటకు.

అమ్మ వంటింట్లోంచే నన్ను పిలిచింది. "ఈ పెద్దాయన మీ ఆఫీసులో ఏంటే?"

"ఇంజనీరమ్మా. చాలా పెద్ద ఇంజనీరు."

"కింద ఎంతమంది?"

"ఎవరూ లేరు."

"అయ్యో" అంది అమ్మ. తొంగి ఆయన వైపు చూసింది. తెల్లజుట్టు, వెలిసిన చొక్కా, పక్కనే బడిపిల్లాడిలా వీపుకు వేసుకునే బ్యాగు. "అయ్యయ్యో" అంది మళ్లీ.

ప్రార్థన అమ్మదే. అమ్మ ఒకసారి మొదలుపెడితే ప్రపంచంలో ఎవర్నీ వదలదు. రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, మా వాచ్‌మన్ భార్య కాన్పు అన్నీ అయ్యాక, అమ్మ లేచి వెళ్లి ఆ పెద్దాయన తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, ఈ బిడ్డను జ్ఞాపకం చేసుకో. తల నెరిసినా ఇంకా అందరి కిందా పనిచేస్తున్నాడు. మనుషులు మరిచిపోయినా నువ్వు మరవకు. పెద్ద టీము కాకపోయినా నాలుగైదు మందినైనా ఈయన కింద పెట్టు. రిటైర్ అయ్యేలోపు మేనేజర్ అనిపించు తండ్రీ." ఆడవాళ్లంతా గుండెలోంచి "ఆమెన్" అన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేను నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాను.

ఆయనకు తన గురించే అని అర్థమైంది. "నా కోసం ఏం అడిగారు?" అన్నాడు, చాలా కదిలిపోయి.

"మీరు మేనేజర్ కావాలని."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "దయచేసి వెనక్కి తీసుకోమనండి. మాకు కొత్తగా వచ్చిన డైరెక్టర్ కూడా అదే కోరుకుంటున్నాడు. ఆయనా దేవుడూ ఒకటైతే నేనెక్కడికి పోను?"

నేను తెలుగులో చెప్పాను. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పాపం, పైకి అలా అంటున్నాడు" అంది కళ్లు తుడుచుకున్నావిడ.

అందరూ వెళ్లాక అమ్మ ఆయనకు రొయ్యల ఇగురు వడ్డించింది. ఆయన తింటూ తన కథ చెప్పాడు, నేను అమ్మకు తెలుగులో చెబుతూ వచ్చాను. ఒకప్పుడు ఆయన కూడా మేనేజర్‌గా చేశాడట. చేసినన్నాళ్లూ సంతకాలు పెట్టడం తప్ప తనేం చేశాడో గుర్తులేదట. ఒకరోజు వెళ్లి నా పని నాకు ఇచ్చేయండని అడిగితే ఇచ్చేశారు. వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో భార్య మాత్రం, మళ్లీ ఈల వేస్తున్నావే అందట. ఇప్పుడు ఆయనకు పైఅధికారి, తన కూతురి వయసున్న ఒక అమ్మాయి. ఏ నిర్ణయమైనా ముందు ఆయన్ని అడుగుతుందట.

అమ్మ అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "మరి ఆయన మీద ఎవరైనా అరిస్తే?"

నేను అడిగాను. ఆయన చెయ్యి కంచం మీద ఆగింది. "ఎవరు అరుస్తారు?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకు?" అన్నాడు.

అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది.

నాకు మాత్రం ఆ పూట ధైర్యం వచ్చింది. శుక్రవారం పొద్దున అమ్మ బాల్కనీలో పాలకూర తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. "అమ్మా, నాకు ఆయన లాంటి ఉద్యోగమే కావాలి. మేనేజర్ పోస్టు వద్దని చెప్పేస్తున్నా."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "వద్దంటావా? సంఘంలో సాక్ష్యం చెప్పానే! దేవుడి ముందు నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

"నన్ను అడక్కుండా చెప్పమన్నదెవరు? అయినా కింద ఎంతమంది, కింద ఎంతమంది అని ఏంటమ్మా మీ అందరి గోల? మనుషులేమైనా కోడిపిల్లలా, లెక్కపెట్టుకోడానికి?"

గొంతు పెంచానని నాకే తెలిసింది. అమ్మ తిరిగి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నేను నర్సుగా చేరినప్పుడు నాకు ఇరవై ఒకటి" అంది, పాలకూర కట్ట విప్పుతూ. "డాక్టరు 'ఏయ్' అనేవాడు. పేషెంటు తాలూకు మనుషులు 'ఏయ్' అనేవాళ్లు. చుట్టపుచూపుగా వచ్చి బత్తాయిలిచ్చి పోయేవాడు కూడా 'ఏయ్' అనేవాడు. బ్యాడ్జీ మీద పేరుండేది నాకు. ఎవడూ చదివేవాడు కాదు. నీ కన్నా బాగా చేసేదాన్నే నా పని, సెలైన్ ఎక్కించడానికి నరం దొరక్కపోతే పక్క వార్డు వాళ్లు కూడా నా కోసం వచ్చేవాళ్లు. వచ్చి, 'ఏయ్, ఇటు రా' అనేవాళ్లు."

నేను ఆ కథ ఎప్పుడూ వినలేదు. అమ్మ తన ఉద్యోగం గురించి చెప్పినవన్నీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ అయ్యాక జరిగినవే. అమ్మ వస్తుంటే వార్డు ఎలా నిశ్శబ్దమైపోయేదో, అమ్మాయిలు ఎలా జడలు సర్దుకునేవాళ్లో.

"ఇన్‌ఛార్జ్ అయిన రోజు నుంచి 'సిస్టర్ గారూ' అన్నారు. పని నాకు కొత్తగా ఏం రాలేదు. అదే చెయ్యి, అదే సూది. నా కింద నలుగురు చేరారు, అంతే. కింద మనుషులుంటే నీ మీద అరిచే ముందు ఎవడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడమ్మాయ్. నేను లెక్కపెట్టుకున్నది ఆ ఒక్క క్షణాన్ని."

"మా ఆఫీసులో అలా ఉండదమ్మా."

"ఇప్పుడుండదు. నీకు యాభై దాటి, నీ పైవాడికి ముప్పై అయితే? ఆ పెద్దాయన్ని అడిగానుగా. ఎవరు అరుస్తారు, ఎందుకు అన్నాడు. ఆయన ఉండే చోట ఆ ప్రశ్నే అర్థం కాదు. నువ్వు ఉండేది ఇక్కడ."

నేను ఇన్నేళ్లూ కుర్చీ జోకు వేసి నవ్వుకున్న ప్రశ్న వెనక మా అమ్మ ఇలా నిలబడి ఉందని నాకు తెలియదు.

కట్టలోంచి ఒక కాడ తీసి ఆకులు దూస్తూ, "అయినా నాకు వద్దమ్మా" అన్నాను.

"భయం లేదా?"

"నువ్వు చెప్పాక ఉంది."

"ఉండీ వద్దంటున్నావా?"

"ఆ పని లేకపోతే నేను బతకలేనమ్మా."

అమ్మ కత్తిపీట నా వైపు తోసింది. "సరే, మిగతాది నువ్వు తరుగు. నాకు నడుం లాగుతోంది" అని లోపలికి వెళ్లిపోయింది. కోపమో కాదో తెలియలేదు. పాలకూర మాత్రం నేను తరిగిన తీరుకు రాత్రి భోజనాల దగ్గర తిట్లు పడ్డాయి.

అదే రోజు ఆఫీసులో మా డైరెక్టరుకు చెప్పాను. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి, "ఇంకేం కావాలో చెప్పండి" అన్నాడు. ఏమీ వద్దు, ఉన్న పనే చాలు అన్నాను. ఆయన నవ్వాడు. వేరే కంపెనీ ఎంత ఇస్తానంది అని అడిగాడు. ఈ ఊళ్లో వద్దు అంటే ఇంకా కావాలి అని అర్థమని అప్పుడు తెలిసింది. నాకు విసుగొచ్చి, "సార్, నాకు మనుషుల్ని చూసుకోవడం రాదు. ఇప్పటికే మీ మీద అరవాలనిపిస్తోంది" అన్నాక నమ్మాడు.

మరుసటి వారం పోస్టు యూసుఫ్‌గూడ అబ్బాయికి వచ్చింది. రావలసినవాడికే వచ్చింది. టీములో ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరు లోపల్లోపల వేరే ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారో వాడికి తెలుసు, నాకు వాళ్ల కోడ్ మాత్రమే తెలుసు. వాడు మాత్రం తప్పు చేసినవాడిలా వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా మీద గుస్సా లేదు గదా? నీ సీటు గుంజుకున్నట్టు అనిపిస్తున్నది."

"నేను పారేస్తే నువ్వు ఏరుకున్నావు. గుంజుకోవడం ఎక్కడుంది?"

నవ్వాడు గానీ అక్కడే తచ్చాడాడు. "ఇగ నీ మీద నేను మేనేజర్‌ని గదా. మీటింగ్‌ల నిన్ను ఏమని పిలువాలె?"

"ఏమని పిలవాలని ఉంది?"

"అక్కా అనే. పెద్ద సార్లు ఉన్నా సరే."

ఆ సాయంత్రం ఈ మాట అమ్మకు చెప్పాను. అమ్మ టీవీ గొంతు తగ్గించి, మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. నేను చెంగు పట్టుకుని లాగాను, విదిలించుకుని వెళ్లి మైకు అందుకుంది.

"మొన్నొక ఆదివారం నేను తొందరపడి ఒక మాట చెప్పాను. మా అమ్మాయి మేనేజర్ కాలేదు. ఇస్తామన్నారు, అదే వద్దంది."

సగం చెరిపిన బోర్డు ముందు పాస్టర్ గారు అలవాటుగా స్తోత్రం కోసం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచారు. ప్రమోషన్ వద్దన్న సాక్ష్యం ఆయన ఇన్నేళ్ల సేవలో వినలేదు. హాస్టల్ పిల్లలు ఈసారి నన్ను చూసిన చూపు వేరు.

"దానికి చేతకాక కాదు. చేసే పని మీద ఇష్టంతో వద్దంది. దాని కింద ఎవరూ ఉండరు" అంది అమ్మ. "కాబట్టి నాది ఒక ప్రార్థన మనవి. దాని పైన కొత్తగా ఒక అబ్బాయి వచ్చాడు. మంచివాడు, అక్కా అని పిలుస్తాడంట. ఆ అబ్బాయి ఎప్పటికీ అలాగే ఉండాలని ప్రార్థించండి. ఆ అబ్బాయి వెళ్లిపోతే తర్వాత వచ్చేవాడి కోసం, వాడి తర్వాత వచ్చేవాడి కోసం కూడా ప్రార్థించండి. వాళ్లెవరో మనకు తెలియదు. దేవుడికి తెలుసు."

అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, మోకాళ్లు ఒత్తుకుంటూ కళ్లు మూసుకుంది. నా రిటైర్మెంటుకు ఇంకా చాలా ఏళ్లుంది. అప్పటిదాకా నా పైన రాబోయేవాళ్లందరి కోసం అమ్మ ఆ ఒక్క పూటలోనే అడిగేసింది, అప్పటికి తాను ఉండనని తెలిసి.